ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు

ఈ మధ్య కొత్తగా టీచర్లయిన పిల్లలు అప్పుడప్పుడూ విజయవాడలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు బదిలీల గురించి మొత్తుకుని, తరువాత అసలు సంగతికొస్తారు. కథయితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, గేయమయితే పాడుకుంటారు, మరి నీళ్ళ గురించో నేల గురించో రాసిన వ్యాసాన్ని ఏం చేయాలన్నది వాళ్ళ బాధ. నాకు తెలిసిన జవాబు ఒక్కటే. వ్యాసానికీ ఒక కట్టుబడి ఉంటుంది, దాన్ని పిల్లల చేతే పట్టించాలి. ఏది ముందు చెప్పారు, ఏది వెనక చెప్పారు, ఎందుకలా చెప్పారు అన్నది తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. ఈ మాట అనగానే వాళ్ళు గబగబా సెల్‌ఫోన్లో ఎక్కించుకుంటారు. అది చూస్తే నాకు కొంచెం భయం వేస్తుంది. ఎందుకంటే ఈ పాఠం విన్న మర్నాడే ఒక పిల్ల బడి మానేసింది. ఆ సంగతి కూడా చెప్పకుండా వాళ్ళని పంపించడం న్యాయం కాదు.

అది తొంభైల చివరి మాట. నన్ను విజయవాడ నుంచి బందరు అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక హైస్కూలుకి తెలుగు టీచరుగా బదిలీ చేశారు. మా ఆయనది ఇబ్రహీంపట్నం కరెంటు కేంద్రంలో షిఫ్టుల ఉద్యోగం. ఆయనకు సెలవున్న రోజు నాకు బడి, నాకు సెలవున్న రోజు ఆయనకు డ్యూటీ. బందరులో ఒక గది తీసుకుని రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. బస్సు దిగాక బడి దాకా ఉప్పు పేరిన పర్ర నేలల మధ్య నడక. చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ తెల్లగా పూసి ఉండేవి.

మా బడికి రెండు రకాల పిల్లలు వచ్చేవాళ్ళు. ఒక పక్క మగ్గాల ఊరు, ఇంకో పక్క చేపల వేటకెళ్ళే వాళ్ళ పాలెం. మగ్గాల పిల్లలు మాట తక్కువ, అక్షరం గుండ్రం. పాలెం పిల్లలు గొంతు పెద్ద, అక్షరం గాలికి కొట్టుకుపోతున్నట్టు వాలి ఉండేది. అంతకుమించి తేడా ఏమీ లేదని మొదట్లో అనుకున్నాను.

ఆ ఏడాదే మమ్మల్ని విజయవాడలో ఒక శిక్షణకు పిలిచారు. కథ కాని పాఠాలు అయిదు రకాలుగా కట్టి ఉంటాయని అక్కడ చెప్పారు. ఒకటి వరస ప్రకారం చెప్పేది, ఒకటి కారణమూ ఫలితమూ చెప్పేది, ఒకటి రెండింటిని పోల్చేది, ఒకటి చిక్కు చెప్పి దాన్ని విప్పేది, ఒకటి ఉన్నదాన్ని వర్ణించేది. ఒక చార్టు కూడా ఇచ్చారు. నిజం చెప్పాలంటే నాకు ఆ పాఠం బాగా నచ్చింది. అన్నాళ్ళూ నోటికి వచ్చినట్టు చెబుతున్నదానికి ఒక దారి కనిపించింది. చార్టు తెచ్చి తొమ్మిదో తరగతి గోడకు అంటించాను. మా లెక్కల మాస్టారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని చివరిదాకా చదివి, "అయిదు రకాలంటున్నారు మేడమ్‌గారూ, ఆరోది తగిలితే ఏం చేస్తారు?" అన్నారు. ఆయన ప్రతి మంచి పనికీ ఇలాంటి దిష్టిచుక్క ఒకటి పెట్టేవారు.

నేను పాత క్యాలెండర్లు కత్తిరించి, వెనకవైపు ఒక్కో ముక్క మీద ఒక్కో వాక్యం రాసి, కలిపేసి పిల్లల ముందు పోసేదాన్ని. నేల మీద కూర్చుని వాళ్ళు వాటిని వరస పెట్టాలి. కాలువలకు నీళ్ళు వదలడం గురించి ఒకటి, ఉప్పు తయారీ గురించి ఒకటి, దోమల గురించి ఒకటి. వరస పెట్టాక అడిగేదాన్ని: ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఏది, ఏ ముక్క తీసేస్తే మిగతావి కూలిపోతాయి అని. మగ్గాల పిల్లలు తలొకటి చూపించేవాళ్ళు. కొందరిది ఒప్పు, కొందరిది తప్పు, అది మామూలే. పాలెం పిల్లలు మాత్రం అందరూ ఒక్కటే ముక్క చూపించేవాళ్ళు, అన్నిటికంటే చివరిది. పాఠం ఏదైనా సరే. ఒకళ్ళ దగ్గర ఒకళ్ళు చూస్తున్నారని విడివిడిగా కూర్చోబెట్టాను. అయినా చివరి ముక్కే. వలలాగా చూచిరాత కూడా అందరూ కలిసే లాగుతారేమో అని లెక్కల మాస్టారు అన్నారు. నాకు నవ్వు రాలేదు.

సరే, పుస్తకం వల్ల కాదు, రోజూ కళ్ళపడేది చూపిద్దామని ఒకరోజు తరగతికి వార్తాపత్రిక తీసుకెళ్ళాను. వార్త రాసేవాళ్ళు ముఖ్యమైనది మొదటి వాక్యంలోనే పెడతారనీ, కిందికి పోనుపోను అంత ముఖ్యం కానివి వస్తాయనీ, చోటు చాలకపోతే అడుగున కోసేస్తారనీ చెప్పాను. పాలెం పిల్లల్లో ఒక అమ్మాయి లేచి నిలబడింది. చురుకైన పిల్ల, పాలెం మొత్తానికి పేపరు చదివి వినిపించేది ఆ పిల్లేనని అందరూ చెప్పుకునేవాళ్ళు.

"అన్ని వార్తలూ అంతేనాండీ టీచర్? తుఫాను వార్త కూడానా?"

ప్రశ్న బాగుందని సంబరపడ్డాను. అంతేనమ్మా, తుఫాను వార్తయినా మొదటి వాక్యంలోనే అసలు సంగతి ఉంటుంది అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. మర్నాడు బడికి రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

హెడ్మాస్టరు గారికి పదో తరగతి ఫలితాల బెంగ తప్ప ఇంకో బెంగ ఉండేది కాదు. ఆయనే నన్ను పిలిచి, వచ్చే ఏటికి మనకు పనికొచ్చే పిల్ల, వెళ్ళి మాట్లాడి రండి అన్నారు. సాయంత్రం బడి వదిలాక పాలెం వెళ్ళాను. ఆ అమ్మాయి ఇసకలో పరిచిన చేపల్ని ఎండకు తిరగేస్తూ ఉంది. పక్కన వాళ్ళమ్మ లేదు. బడికి రావట్లేదేమని అడిగితే, ఇక చదవనండీ అంది. చదువు మీద కోపమా, నా మీద కోపమా అని అడిగాను. చాలాసేపు చేపల్ని తిరగేసింది. అప్పటికే తిరగేసినవాటిని మళ్ళీ తిరగేసింది.

"మా నాన్న పోయిన రోజు పేపరు చదివింది నేనేనండీ," అంది.

నేను ఆ ఊరు రాకముందు ఒక నావ వేటకెళ్ళి తిరిగి రాలేదని విన్నాను. దాని మీద ఈ పిల్ల తండ్రి ఉన్నాడని కూడా విన్నాను. పేపరు సంగతి మాత్రం అప్పుడే తెలిసింది. ఆ నావ పోయిన నాటికి ఆ పిల్లది ఆరో తరగతి. కూడబలుక్కుని చదవగలిగినంత చదువు.

"మొదటి వాక్యంలోనే ఎల్లొద్దని ఉందండీ. అదీ గట్టిగానే చదివాను. చివర్లో ప్రజలు ఆందోళన చెందనవసరం లేదని అధికారులు చెప్పారని ఉంది. అదీ గట్టిగానే చదివాను. అందరూ లేచారు. మా నాన్న నా నెత్తిన చెయ్యేసి, బాగా చదివావమ్మా అని చెప్పి ఎల్లాడండీ. అసలు సంగతి మొదటి వాక్యమేనని మీరు చెప్పేదాకా నాకు తెలీదండీ."

ఎల్లొద్దని చదివితే ఎందుకెళ్ళారని నేను అడగలేదు. అడిగితే అది ఆ పిల్లను అడిగినట్టే ఉంటుంది. చిన్నపిల్లవు, నీ తప్పేముంది అని పెద్దవాళ్ళు చెప్పే మాటలే చెప్పాను. ఆ మాటలు నా నోట్లోనే అతకలేదు. ఈ మాట తాతకీ అమ్మకీ చెప్పొద్దండీ అని మాత్రం బతిమాలింది. చెప్పనన్నాను.

నేను అడగని ఆ ప్రశ్నకు జవాబు ఆ సాయంత్రమే దొరికింది. ఆ పిల్ల తాత పాలేనికి కులపెద్ద. పిల్ల చదువు సంగతి నలుగురిలో తేల్చుకుందాం రండి పంతులమ్మగారా అని వలలు బాగుచేసుకునే పాక దగ్గరికి తీసుకెళ్ళాడు. పదిమంది ఇసకలో గుండ్రంగా కూర్చున్నారు. బయటి ఊరి నుంచి వచ్చినదాన్ని కాబట్టి మొదట నన్ను మాట్లాడమన్నారు. గౌరవం కాబోలనుకుని చదువు గొప్పతనం గురించి నేను బాగానే దంచాను. తరువాత కుర్రవాళ్ళు మాట్లాడారు, వాళ్ళ తరువాత నడివయసు వాళ్ళు. ఒకళ్ళ మాటకు ఇంకొకళ్ళు అడ్డు రాలేదు. అందరికంటే చివర ఆ ముసలాయన గొంతు సవరించుకుని, పిల్ల పది పూర్తిచేస్తది, ఇదే మాట, అన్నాడు. అంతే. అందరూ ఇసక దులుపుకుని లేచారు. అంతకుముందు బడి వద్దని గట్టిగా వాదించిన వాళ్ళమ్మ తమ్ముడు కూడా కిమ్మనకుండా లేచాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయనే బస్సు దాకా తోడొచ్చాడు. మీరు చెప్పాక ఎవరూ ఒక్క మాటయినా అనలేదేమని అడిగాను. ముందు చెప్పేది నోటికొచ్చింది, చివర చెప్పేది ఆలోచించి చెప్పింది, దాని తర్వాత మాట్టాడితే తప్పు కదమ్మా అన్నాడాయన. అంటే అక్కడ అందరికంటే ముందు మాట్లాడిన నా మాట అందరికంటే తేలిక. అది నాకు కొంచెం గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవడంలోనే అసలు సంగతి అర్థమయింది. పాలెం పిల్లలు చూచిరాత రాయలేదు. పుట్టినప్పటి నుంచి వాళ్ళు విన్న ప్రతి చర్చా అలాగే కట్టి ఉంది. ముందు వచ్చేవన్నీ వాదనలు, చివరిది తీర్పు. వానాకాలమంతా హెచ్చరికలు వస్తూనే ఉంటాయి, సగం ఉత్తవే అవుతాయి. కాబట్టి వెళ్ళొద్దన్న మొదటి వాక్యాన్ని వాళ్ళు కుర్రవాడి మాటలాగా విన్నారు. అడుగున ఉన్న వాక్యాన్ని పెద్దమనిషి మాటలాగా విన్నారు. రాసినవాడు తన పద్ధతిలో ఒప్పు, విన్నవాళ్ళు తమ పద్ధతిలో ఒప్పు. మధ్యలో ఆ పసిది నిలబడి గట్టిగా చదివింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బందరు దాకా ఏడ్చాను. ఏడుపు ఎవరి మీదో కూడా తెలియదు.

ఆ పిల్ల బడికి వచ్చింది గానీ పాకలో పేపరు చదవడం మానేసింది. తలనొప్పి అనేదట. ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా చదివిపెట్టేవాడు. తరగతిలో కూడా నోరు విప్పేది కాదు. కాగితం ముక్కలు ఇస్తే మాత్రం వదిలేది కాదు. నేను ఒప్పు అన్నాక కూడా వాటిని కలిపేసి ఇంకో వరస పెట్టేది, ఇంకోటి పెట్టేది, కాసేపు చూసి మళ్ళీ కలిపేసేది. నేనూ నా పాఠం మార్చాను. ఇది ఎట్లా కట్టారు అన్న ప్రశ్న తరువాత, ఇది ఎవరు వింటారు, వాళ్ళు ఎట్లా వింటారు అన్న ప్రశ్న చేర్చాను. చార్టులో అది లేదు.

మరుసటి ఏడు వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో ఒక ఉదయం హెడ్మాస్టరు గారు నన్నూ లెక్కల మాస్టారినీ పాలెం పంపించారు. వాయుగుండం పట్టిందనీ, మా బడి మేడే తుఫాను షెల్టరు కాబట్టి అవసరమైతే అందరూ వచ్చేయాలనీ చెప్పి రమ్మన్నారు. మేము వెళ్ళేసరికి ఎండ కాస్తోంది. సముద్రం నూనె పోసినట్టు ఉంది. చాలా రోజుల తరువాత చేప బాగా పడుతోందట, నావల్లోకి ఐసు ఎక్కించేశారు. మగాళ్ళంతా పాక దగ్గర పోగయ్యారు. కుర్రవాళ్ళు అప్పటికే మాట్లాడేశారు. చీకటి పడేలోగా వచ్చేద్దాం, ఇంత మంచి నీళ్ళు మళ్ళీ దొరకవు అన్నారు. నడివయసు వాళ్ళలో సగం మంది వాళ్ళ వైపే ఉన్నారు. ఆడవాళ్ళు ఎడంగా నిలబడి వింటున్నారు.

మండలాఫీసు నుంచి ఒక మనిషి సైకిలు మీద వచ్చి కాగితం ఇచ్చాడు. ఎదురుగా టీచరు ఉంటే గుమాస్తా ఎందుకని నా చేతిలోనే పెట్టాడు. చదవబోయే ముందు కళ్ళతో పైనుంచి కిందికి చూశాను. మత్స్యకారులు ఎవరూ సముద్రంలోకి వెళ్ళరాదు అని మొదట ఉంది. తరువాత వాయుగుండం ఎక్కడుందో, గాలి ఎంత వేగంతో వీస్తుందో, రేవులో ఏ నంబరు హెచ్చరిక ఎగరేశారో, ఏయే అధికారులు ఎక్కడ ఉంటారో ఉంది. అడుగున, యంత్రాంగం సిద్ధంగా ఉన్నందున ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు అని ఉంది. బయటి ఊరి నుంచి వచ్చినదాన్ని నేను. వద్దని నా సొంత మాటగా అరిచినా, అది మొదట మాట్లాడిన మనిషి మాట.

అప్పుడు ఆడవాళ్ళలోంచి ఆ పిల్ల వచ్చి చెయ్యి చాపింది.

"ఇట్టా ఇవ్వండి టీచర్. నేను చదువుతాను."

ఇచ్చాను. కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, పెదవులు కదలకుండా ఒకసారి మొత్తం చూసుకుంది. నేల మీద ముక్కలు పరిచినప్పుడు చూసే చూపే అది. తరువాత గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. "యంత్రాంగం సిద్ధంగా ఉన్నందున ప్రజలు ఆందోళన చెందనవసరం లేదు." ఆ వాక్యం ముందు వచ్చేసింది. దాని తరువాత అధికారులు, దాని తరువాత రేవు హెచ్చరిక, దాని తరువాత గాలి, దాని తరువాత వాయుగుండం. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీసేయలేదు. వాక్యాలను మాత్రం కింది నుంచి పైకి తెచ్చింది. అందరికంటే చివర, గొంతు వణకకుండా, మెల్లగా, "మత్స్యకారులు ఎవరూ సముద్రంలోకి వెళ్ళరాదు," అని చదివి కాగితం మడిచేసి ఇసకలో కూర్చుంది.

అంతా ముసలాయన వైపు చూశారు. ఆయన మనవరాలి వైపు చూస్తున్నాడు. తరువాత ఆయన, నావలు పైకి లాగండి, ఇదే మాట, అన్నాడు. మండలాఫీసు మనిషికి కాగితం ముందే తెలుసు. అట్లా కాదండీ రాసింది, తిరగేసి చదివింది అని అతను గొణిగాడు. కానీ చివరి మాట అయిపోయింది. దాని తరువాత మాట్లాడేవాడి మాట అక్కడ ఎవరికీ వినపడదు. లెక్కల మాస్టారు నా పక్కకు జరిగి, ఆరో రకం మేడమ్‌గారూ అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఐసు కరిగిపోయిందని కుర్రవాళ్ళు విసుక్కుంటూనే నావల్ని పైకి లాగారు.

మధ్యాహ్నానికి ఎండ పోయింది. తరువాత వచ్చిన గాలి గురించి నేను చెప్పను, ఆ తీరంలో పుట్టినవాళ్ళు నాకంటే బాగా చెబుతారు. పాలెంలో పైకప్పు నిలిచిన ఇల్లు లేదు. గట్టు మీదికి లాగిన నావల్లోనే ఒకటి విరిగి రెండు ముక్కలయింది. మనుషులు మాత్రం అందరూ మా బడి మేడ మీద ఉన్నారు. తడిసిన గోనెపట్టాల మీద, ఏడ్చే పిల్లల మధ్య, వండిన గంజి చుట్టూ, తలలు లెక్కపెడితే అందరూ ఉన్నారు.

గాలి తగ్గాక, తొమ్మిదో తరగతి గదిలో బెంచీలు గోడకు నెట్టి, ఇల్లు ఎట్లా నిలబెట్టుకోవాలి, ముందు ఎవరిది కట్టాలి అని వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. గోడ మీద నా చార్టు తడిసి ఒక మూల ఊడి వేలాడుతోంది. గుమ్మం దగ్గర నేను, గోడవారగా తల్లి పక్కన ఆ పిల్ల. అందరూ మాట్లాడాక పెద్దాయన వంతు వచ్చింది. ఇళ్ళ సంగతి ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. అప్పుడు లేవబోతున్న వాళ్ళను చేత్తో ఆపాడు.

ఆ పిల్ల పది పాసయింది, ఇంటరు బందరులో చదివింది. నాకు విజయవాడకు బదిలీ అయింది, మళ్ళీ కలవలేదు. రిటైరయ్యాను. కొత్త టీచర్లు వస్తే ఇదంతా చెప్పి, మీ ముందు కూర్చున్న పిల్లలు ఇంట్లో మాటలు ఏ వరసలో వింటారో ముందు తెలుసుకోండి, తరువాత పాఠం వరస చెప్పండి అంటాను. పేపరు అలవాటున్నవాళ్ళు ముఖ్యమైనది పైనే ఉంటుందని సగంలో లేచిపోవచ్చు. నేను మాత్రం పాలెం పద్ధతిలో దాన్ని చివరికి దాచిపెట్టాను. ఇది నా మాట కాదు, ఆ రోజు ఆ గదిలో ముసలాయన మనవరాలి వైపు తిరిగి అన్నది. దీని తరువాత అక్కడ ఎవరూ మాట్లాడలేదు, ఆ పిల్ల కూడా. నేనూ మాట్లాడను.

"ఆ నాడు పేపరు చదివిందీ ఈ పిల్లే. ఉన్నది ఉన్నట్టు చదివింది. అది అయిపోయినాక మాట చెప్పాల్సినోణ్ణి నేను. చెప్పకుండా లేచొచ్చేశాను. నా కొడుకుని సముద్రానికి పంపింది పేపరు కాదు, పిల్ల కాదు. నేను చెప్పని మాట. ఇన్నాళ్ళూ ఇది నా ఒక్కడి బరువనుకున్నాను, పిల్ల కూడా మోస్తందని మొన్న అది చదివినప్పుడే తెలిసింది. ఇంక నువ్వు దించెయ్ తల్లీ. ఇదే మాట."